నాన్నని జాయిన్ చేశాను

సోమవారం పొద్దున్న ఆరున్నరకి అప్పాజీ పంచె కట్టుకుని, కండువా భుజాన వేసుకుని, "ఎరువుల కొట్టుకెళ్లొస్తా" అని ఇంట్లోంచి బయటపడ్డాడు. పంచె లోపల ట్రాక్ ప్యాంటు ఉంది. ఎరువుల కొట్టు తొమ్మిది దాటితే గాని తియ్యరని ఆయన భార్య రత్నమాణిక్యానికి తెలుసు. కానీ ఆ సమయంలో ఆవిడ గేదె దగ్గర ఉండి "ఊఁ" అంది తప్ప ఆ మాట చెవిని వేసుకోలేదు. సెల్‌ఫోను కూడా అప్పాజీ కావాలనే మంచం మీద వదిలేశాడు. అది జేబులో ఉంటే అరగంటకోసారి "ఎక్కడున్నారు?" అని మోగుతుంది.

వీధి మలుపులో కూతురు హారతి స్కూటీ మీద కాచుకుని ఉంది. ఆ అమ్మాయి తణుకులో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఊరు తణుక్కి దగ్గరే కాబట్టి రోజూ వెళ్లొస్తుంది. తండ్రికి షుగరు ఉందని, పన్నెండు కిలోలు తగ్గకపోతే కష్టమని డాక్టరు చెప్పినప్పట్నించీ ఆయన్ని నడిపించాలని చూస్తోంది. మొదట కాలవగట్టు మీద నడకకి పంపించింది. వారం తిరిగేసరికి అప్పాజీ ఆ గట్టు మీదున్న టీ కొట్ల వాళ్లందరికీ చుట్టమైపోయి, కిలోన్నర పెరిగాడు. ఇక లాభం లేదని తణుకులో ఒక జిమ్ము చూసింది. అప్పాజీ పది రోజులు బెట్టు చేసి చివరికి ఒప్పుకున్నాడు, కాకపోతే షరతు మీద.

"జిమ్మన్న మాట బయటికి పొక్కకూడదు. మీ అమ్మకి అసలే తెలీకూడదు. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోద్ది. యాభై ఎనిమిదేళ్లొచ్చాక కండలు పెంచుతున్నాడంట అని నవ్వుతారు."

"సరే నాన్నా. ఎవరికీ చెప్పను."

"తునికి అస్సలు తెలీకూడదు."

తుని అంటే ఆయన బావగారు ఉదయభాస్కర్. అప్పాజీ అక్క నాగదుర్గ భర్త. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

జిమ్ములో ట్రైనరు పేరు ప్రేమ్ కుమార్. తెల్ల టీషర్టు వేసుకుని చాలా మర్యాదగా ఉన్నాడు. "సార్, ఇంతకు ముందెప్పుడన్నా వర్కవుట్ చేశారా?" అని అడిగాడు.

"నలభై ఏళ్లుగా వ్యవసాయం చేస్తన్నాను."

"ఇప్పుడు కూడా మీరే దిగి చేస్తారా సార్?"

"గట్టు మీద నిలబడి చేయిస్తాను."

"అయితే మొదట్నించీ మొదలెడదాం సార్," అని ప్రేమ్ కుమార్ ఆయన్ని ట్రెడ్‌మిల్లు ఎక్కించాడు. అప్పాజీ తన జన్మలో ఎక్కడికీ చేరకుండా అంతసేపు నడవలేదు. ఎంత నడిచినా ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి రావడం లేదు. పావుగంటకి ఆయన దిగలేదు, ఇద్దరు కలిసి దింపారు. బల్ల మీద పడుకోబెట్టి నుదుటి మీద తడి తువ్వాలు వేశారు. కళ్లు మూతలుపడి, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి ఛాతీ మీద వేసుకుని ఆయన ఆయాసపడుతుంటే, ప్రేమ్ కుమార్ రెండో చెయ్యి పట్టుకుని గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టసాగాడు. పక్కన బరువులు తగిలించే స్టీలు రాడ్డు నిలబెట్టి ఉంది.

హారతికి నవ్వాగలేదు. ఫొటో తీసింది. ఈ జిమ్ము సలహా ఇచ్చింది సుప్రియ. నాగదుర్గ కూతురు, హారతికి మరదలు, రాజమండ్రిలో ఉద్యోగం. ఒక్క సుప్రియకి చెప్తే షరతు తప్పినట్టు కాదనుకుని, ఆ ఫొటో కింద గబగబా ఇలా రాసి పంపింది:

"నాన్నని జాయిన్ చేశాను. పావుగంటకే ఇదీ పరిస్థితి. కనీసం మూడు నెలలు పడుతుందంటున్నారు. అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

తండ్రికి కాస్త ఊపిరి తిరిగాక, "ఇంకో అరగంట చేసి ఆటోలో వచ్చెయ్ నాన్నా" అని చెప్పి కాలేజీకి వెళ్లిపోయింది. ఆ రోజు పరీక్షలు. గదిలో కాపలా ఉండే లెక్చరర్లందరూ ఫోన్లు ఆఫీసులో ఇచ్చేసి వెళ్లాలి. హారతి ఇచ్చేసింది.

తను పంపింది సుప్రియకి కాదు, సుప్రియ పేరు కిందనే ఉన్న 'మనవాళ్లు' గ్రూపుకి. బటన్ల ఫోను వాడే అప్పాజీ, రత్నమాణిక్యం తప్ప తుని నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఉన్న చుట్టాలందరూ అందులో ఉన్నారు.

జాయిన్ అనేది చిన్న మాటే. ఇంగ్లీషులో రెండు వస్తువుల్ని కలపడం అని అర్థమట. మన వైపు మాత్రం దాన్ని మనుషులకే వాడతాం. పిల్లాణ్ణి స్కూల్లో జాయిన్ చేస్తాం, అల్లుడు ఉద్యోగంలో జాయిన్ అవుతాడు, చీటీలో జాయినవమని పక్కింటావిడ పోరుతుంది. కానీ ఎందులోనో చెప్పకుండా ఉత్తినే "జాయిన్ చేశాం" అన్నామంటే గోదావరికి ఈ పక్కా ఆ పక్కా ఎవరికైనా ఒకటే అర్థం. వెంటనే "ఏ ఆస్పత్రి?" అని అడుగుతారు.

గ్రూపులో మొదట అడిగినవాడు యుగంధర్. అప్పాజీకి చిన్నాన్న కొడుకు, జంగారెడ్డిగూడెంలో ఆయిల్‌పామ్ తోట ఉంది. "ఏ ఆస్పత్రి? ఎవరన్నా చెప్పండి" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన హారతి ఫోను కాలేజీ ఆఫీసు బీరువాలో ఉంది. సుప్రియ మాత్రం జవాబిచ్చింది. ఆమె అప్పుడు మధురపూడి విమానాశ్రయంలో హైదరాబాదు విమానం ఎక్కడానికి వరసలో నిలబడి ఉంది. తోపులాటలో ఇది గ్రూపని చూసుకోలేదు. "సూపర్ వదినా! ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాం, ఇప్పటికి కుదిరింది" అని రాసి, ఫోను ఆపేసి విమానం ఎక్కేసింది.

తునిలో నాగదుర్గ ఈ రెండూ ఒకదాని కింద ఒకటి చదివింది.

"ఏవండీ, తమ్ముణ్ణి జాయిన్ చేశారంటండి. మేనమామ మంచాన పడితే మనమ్మాయి సూపరంటోంది."

ఉదయభాస్కర్ ఇడ్లీ తింటున్నాడు. ఆయనకి ఊరవతల మామిడితోట ఉంది. కిందటి వేసవిలో మంచి రసాలు ఏరి మూడు బుట్టలు స్వయంగా అప్పాజీ ఊరికి మోసుకెళ్లి బావమరిదికి ఇచ్చాడు. అప్పాజీ ఒక పండు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఆవకాయకి బావుంటాయి బావా" అని, మూడు బుట్టలూ పాలేళ్లకి పంచిపెట్టించాడు. రసాలు పండించేవాడి ముందు అనకూడని మాట అది. ఆ రోజు నుంచి ఉదయభాస్కర్ అప్పాజీతో మాట్లాడలేదు.

"ఫొటో ఇలా తే," అన్నాడు. చాలాసేపు చూశాడు. "సెలైను స్టాండు కూడా పెట్టారే," అని ఇడ్లీ పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"మీరొస్తారా?"

"మాట్లాడను. చూడ్డానికొస్తాను. చూడ్డం వేరు, మాట్లాడ్డం వేరు."

నాగదుర్గ బయల్దేరే ముందు ఒకసారి కనుక్కుందామని తమ్ముడి ఫోనుకి చేసింది. రత్నమాణిక్యం ఎత్తింది.

"వదినా, నేను. తమ్ముడు ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నారండి. ఫోను మంచం మీద వదిలేసి ఎరువుల కొట్టుకెళ్లారు."

అమ్మకి చెప్పలేదన్న ముక్క నాగదుర్గకి గుర్తొచ్చింది. పాపం, ఈ పిచ్చిదానికి ఏమీ తెలియదు, మొగుడు యూరియా కోసం వెళ్లాడనుకుంటోంది. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏంటి వదినా, ఏడుస్తన్నారు?"

"ఏం లేదు వదినా. ఎరువుల కొట్టంటే ఏడుపొచ్చింది," అని నాగదుర్గ ఫోను పెట్టేసింది. రత్నమాణిక్యం కాసేపు ఆలోచించి, అన్నయ్యగారితో పొద్దున్నే ఏదో గొడవైనట్టుందని సరిపెట్టుకుని, గేదెకి కుడితి పెట్టడానికి వెళ్లింది.

ఉదయభాస్కర్ దారిలో నాలుగు కొబ్బరి బొండాలు చెక్కించి కారులో వేశాడు. అన్నవరం కొండ కనబడగానే నాగదుర్గ దణ్ణం పెట్టుకుంది. అంతకు ముందే లోవ తలుపులమ్మ తల్లికి మొక్కుకుంది, మా ఇంటి మగాణ్ణి గండం గట్టెక్కిస్తే చీరా సారె పెట్టుకుంటానని. కంగారులో తమ్ముడి పేరు చెప్పడం మర్చిపోయింది. రాజమండ్రి దాటాక మొగుడు ఎడమ భుజం రుద్దుకోవడం చూసి, "ఏంటండి?" అంది. "సీటు పడలేదు," అన్నాడాయన.

ఈలోగా గ్రూపులో వైద్యం ముదిరింది. చెయ్యి ఛాతీ మీద ఉంది కాబట్టి గుండె అని ఒకరు తేల్చారు. మూడు నెలలంటున్నారంటే గుండె ఒక్కటే కాదని ఇంకొకరు అన్నారు. నాడి చూస్తున్న డాక్టరు మరీ కుర్రాడిలా ఉన్నాడని, పెద్ద డాక్టరుకి చూపించాలని నలుగురు పట్టుబట్టారు. యుగంధర్ ఆపిల్ పళ్లు కొనుక్కుని జంగారెడ్డిగూడెంలో బస్సెక్కి, బస్సులోంచే పెత్తనం తీసుకున్నాడు. "తణుకులో గుండెకైతే మెయిన్ రోడ్డు మీదున్న పెద్దాస్పత్రే. అందరూ అక్కడికే వచ్చెయ్యండి" అని పెట్టాడు. అంతటితో ఆగక, అప్పాజీ ఊళ్లో పాలకేంద్రం ప్రెసిడెంటుకి ఫోను చేసి, రక్తం అవసరం పడొచ్చని చెప్పాడు.

పది దాటాక పాలకేంద్రం ప్రెసిడెంటు ఓ డజను మంది కుర్రాళ్లని వెంటేసుకుని అప్పాజీ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, అప్పాజీ గారిది ఏ గ్రూపండి?"

"ఏ గ్రూపూ కాదండి. ఆయన ఎలక్షన్ల జోలికి పోరు."

"అది కాదమ్మా, రక్తం. ఆయన్ని తణుకులో జాయిన్ చేశారంట కదా."

రత్నమాణిక్యం చేతిలో బకెట్టు అక్కడే వదిలేసింది. ఎవరో ఆటో తెచ్చారు. ప్రెసిడెంటు ఆవిణ్ణి ఎక్కించుకుని ముందు వెళ్లాడు. కుర్రాళ్లు పాలకేంద్రం ట్రక్కు ఆటోలో తర్వాత బయల్దేరారు.

ఆస్పత్రిలో కౌంటరు దగ్గర, "అప్పాజీ గారండి, పొద్దున్న జాయిన్ చేశారు," అని రత్నమాణిక్యం అడిగితే, "రెండో అంతస్తు, చివరి గదండి," అని ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసి చెప్పింది. అబద్ధం కాదు. ఆ పేరుగల మనిషిని పొద్దున్నే తీసుకొచ్చారు. ఆయన పాలకొల్లు అప్పాజీ, మోటార్‌సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దోమల బాధకి దుప్పటి ముఖం మీదకి లాక్కుని పడుకున్నాడు.

రత్నమాణిక్యం ఆ ముసుగు చూసి, ఇక అయిపోయిందనుకుని మంచం మీద పడి గొల్లుమంది. సరిగ్గా అప్పుడే నాగదుర్గ లిఫ్టులోంచి దిగింది. రత్నమాణిక్యం ఏడుపు విని, తనూ వచ్చి కాళ్ల వైపు కూలబడింది. మందుల కోసం వెళ్లిన ఆ పేషెంటు భార్య తిరిగొచ్చేసరికి, తన మొగుడి మీద ఇద్దరు ఆడవాళ్లు పడి ఏడుస్తున్నారు.

"ఎవరండీ మీరు?"

"ఆయన భార్యనమ్మా," అంది రత్నమాణిక్యం.

ఆవిడ మందుల కవరు కింద పెట్టింది. "మరి నేనెవర్ని?"

దుప్పటి కింద మనిషికి మెలకువ వచ్చింది గాని, పైన జరుగుతున్నది విని ముసుగు తియ్యకపోవడమే మంచిదనుకున్నట్టు కదలకుండా ఉన్నాడు.

"వారం వారం తణుకులో పనుందని వెళ్లేది ఇందుకన్నమాట," అందావిడ దుప్పటి వైపు చూసి.

దుప్పటి మెల్లగా జరిగింది. లోపల బట్టతల, గడ్డం, భయపడుతున్న రెండు కళ్లు కనబడ్డాయి. నాగదుర్గ తేరిపార చూసి, "వదినా, తమ్ముడికి మీసాలుండాలి కదా," అంది. రత్నమాణిక్యం కళ్లు తుడుచుకుని చూసింది. తర్వాత పావుగంట ఆవిడకి ఆ పాలకొల్లు ఆవిణ్ణి బతిమాలడంతో సరిపోయింది. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. కానీ మొగుడి దిండు సర్దేటప్పుడు కొంచెం గట్టిగానే సర్దింది.

ఉదయభాస్కర్ ఇంకా పైకి రాలేదు. లిఫ్టు దగ్గర జనం ఉన్నారని, "నువ్వు లిఫ్టులో పో, నేను మెట్లెక్కి వస్తా," అని భార్యని పంపేసి, బొండాల సంచీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మొదటి అంతస్తు మెట్ల మీద భుజం నొప్పి చేతిలోకి దిగింది. చొక్కా తడిసిపోయింది. సంచీ పక్కన పెట్టి మెట్టు మీద కూచున్నాడు. కిందకి దిగుతున్న నర్సు ఆయన ముఖం చూసి ఆగింది.

"ఏంటండి, అలా ఉన్నారు?"

"ఏం లేదమ్మా. బొండాలు బరువు."

నర్సు బొండాల వంక చూడలేదు. చక్రాల కుర్చీ తెప్పించింది. ఐదు నిమిషాల్లో ఆయన్ని కింద బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి వైర్లు తగిలించి, డాక్టరు చేతిలో ఈసీజీ కాగితం పెట్టారు.

"నేను పేషెంటుని కాదండి. చూడ్డానికొచ్చాను," అన్నాడు ఉదయభాస్కర్ లేవబోతూ.

"తర్వాత చూద్దురు గాని, పడుకోండి," అన్నాడు డాక్టరు. "మీ గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదు. ఇప్పుడే చెయ్యాలి. ఎవరన్నా వచ్చారా మీతో?"

ఇక అసలు అప్పాజీ సంగతి. జిమ్ములోంచి బయటికొచ్చేసరికి ఆయనకి కాళ్లు చెప్పిన మాట వినడం లేదు గాని, ఆకలి మాత్రం బ్రహ్మాండంగా వేసింది. హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాడు. చేసిన కష్టానికి ఒకటి చాలదనిపించి రెండోది తిన్నాడు. ఇంట్లో చెప్పిన అబద్ధం నిజం చేద్దామని ఎరువుల కొట్టుకి వెళ్లాడు. కొట్టాయన కుర్చీ వేసి ఫ్యాను పెడితే, అందులోనే రెండు గంటలు నిద్రపోయాడు. లేచి, ఊరికి ఆటో కోసం కూడలిలో నిలబడ్డాడు. ఎదురుగా తమ ఊరి పాలకేంద్రం ట్రక్కు ఆటో వచ్చి ఆగింది.

"ఏరా, అందరూ ఎక్కడికి?"

"ఆస్పత్రికండి. రక్తం ఇవ్వడానికి."

"ఎవరికిరా?"

కుర్రాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ముందు కూర్చున్నవాడు మొహమాటపడుతూ, "మీకేనండి," అన్నాడు.

అప్పాజీకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పొద్దున్నుంచీ చేతులూ కాళ్లూ తనవి కానట్టే ఉన్నాయి. ఏదైనా అయ్యుంటే తనకెవరూ చెప్పలేదేమో. మారు మాట్లాడకుండా ట్రక్కెక్కాడు. కుర్రాళ్లు జరిగి ఆయనకి చోటిచ్చి, దారంతా భుజాలు పట్టుకుని కూర్చున్నారు.

ఆస్పత్రి గుమ్మంలో నాగదుర్గ కనబడింది. చేతిలో మొగుడి చొక్కా, చెప్పులు, కళ్లజోడు ఉన్నాయి. తమ్ముడు తన కాళ్ల మీద తను నడిచి రావడం చూసి ఆవిడకి సంతోషించాలో తిట్టాలో తెలియలేదు.

"నువ్వేంట్రా, నిలబడ్డావు?"

"అక్కా, అసలేం జరుగుతోంది?"

"నిన్ను చూడ్డానికొచ్చి మీ బావ పడుకున్నార్రా," అని నాగదుర్గ అప్పుడు నిజంగా ఏడ్చింది. అప్పాజీ డాక్టరు గది వైపు పరుగెత్తాడు. పొద్దున్న ట్రెడ్‌మిల్లు మీద కూడా అంత వేగం రాలేదు. సంతకం చెయ్యడానికి ఎవరున్నారంటే, "నేనున్నానండి, బావమరిదిని," అన్నాడు. స్టెంటు వెయ్యాలన్నారు. వెయ్యమన్నాడు. వాళ్లు మంచాన్ని తోసుకుపోతుంటే లోపలి తలుపు దాకా పక్కనే నడిచాడు. ఉదయభాస్కర్ ఆయన్ని చూశాడు, మాట్లాడలేదు. అలాగని ముఖమూ తిప్పుకోలేదు.

పరీక్ష అయ్యాక ఫోను తీసుకున్న హారతి, అందులో వంద దాటిన సందేశాలు చూసి, స్కూటీ మీద వచ్చి పడింది. తల్లి కౌంటరు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది.

"జిమ్మా?" అంది రత్నమాణిక్యం, అంతా విన్నాక.

"జిమ్మేనమ్మా."

"జిమ్ముకెళ్తే నేను కాదన్నానా? ఇవాళ నా చేత పరాయి మొగుడి మీద పడి ఏడిపించారు కదే."

పొగమంచు వల్ల మధురపూడిలోనే మూడు గంటలు కదలకుండా ఉండిపోయిన విమానం అదే సమయానికి హైదరాబాదు చేరింది. దిగిన సుప్రియ ఫోను తెరిచి, తల పట్టుకుని, గ్రూపులో పెద్ద అక్షరాలతో రాసింది: "అందరూ ఆగండి. మావయ్యని జాయిన్ చేసింది జిమ్‌లో. ఆస్పత్రిలో కాదు. జిమ్‌లో."

గ్రూపులో నవ్వులు మొదలయ్యాయి. ఆ ఫొటోకి ఒకరు కిరీటం అతికించారు. ఒక్క యుగంధర్‌కే నవ్వు రాలేదు. దారిలో టైరు పంచరై బస్సు ఆలస్యం కావడంతో ఆయన అప్పటికి నల్లజర్ల దాకానే వచ్చాడు. బస్సు దిగి, రోడ్డు దాటి, ఆపిల్ పళ్లతో సహా వెనక్కి వెళ్లే బస్సెక్కాడు.

సరిగ్గా ఆ నవ్వుల మధ్యలో హారతి సందేశం వచ్చింది. అత్తయ్య ఏడుస్తోంది, తండ్రి లోపల ఉన్నాడు, సుప్రియ ఫోనేమో ఎంత చేసినా బిజీ అని వస్తోంది. ఆ తొందరలో హారతికి తోచిన మాట ఒక్కటే: "ఉదయభాస్కర్ మావయ్యని కూడా జాయిన్ చేశాం. త్వరగా ఎవరన్నా రండి."

"ఆయన కూడానా? శభాష్," అన్నారొకరు. "బావాబావమరుదులు పోటీ పడుతున్నారు," అన్నారింకొకరు. కండలు తిరిగిన చేతి బొమ్మలు వరసగా వచ్చాయి. సుప్రియ స్వయంగా, "నాన్నా, ఆల్ ది బెస్ట్. మొదటి రోజే పెద్ద బరువులు ఎత్తకు," అని పెట్టింది.

హారతి యుగంధర్‌కి ఫోను చేసింది. "బాబాయ్, ఇది నిజంగా ఆస్పత్రే."

"పొద్దున్న కూడా నిజమే అనుకున్నానమ్మా. నూట డెబ్భై రూపాయలు ఆపిల్ పళ్లకి పెట్టాను," అని ఆయన పెట్టేశాడు.

అప్పాజీ ఫోను తీసుకుని, మళ్లీ చేసి, "ఒరేయ్ యుగంధరం, నేనురా. బావకి గుండె..." అన్నాడు.

"జిమ్ము నుంచేనా అన్నయ్యా మాట్లాడతన్నావు? వెనక పాటలు వినపడట్లేదే," అన్నాడు యుగంధర్.

చివరికి నాగదుర్గ కూతురికి ఫోను చేసి, ఏడుస్తూ నాలుగు తిట్లు తిడితే గాని సుప్రియ నమ్మలేదు. ఆ తిట్లలో ఉన్న నిజం ఆ అమ్మాయికి తెలుసు. దిగిన విమానాశ్రయంలోనే తిరుగు విమానానికి టిక్కెట్టు కొంది. రక్తం అవసరం పడలేదు గాని, వచ్చినవాళ్లం ఊరికే పోవడమెందుకని కుర్రాళ్లు బ్లడ్ బ్యాంకులో తలా ఒక సీసా ఇచ్చి, తలా ఒక అరటిపండు తిని వెళ్లారు.

సాయంత్రానికి ఉదయభాస్కర్‌ని గదిలోకి మార్చారు. డాక్టరు వచ్చి చూసి, "అదృష్టవంతులండి. మీ తోటలో ఉండగా వచ్చుంటే ఆస్పత్రికి చేరేవారు కాదు. మెట్ల మీద వచ్చింది కాబట్టి సరిపోయింది," అని చెప్పి వెళ్లాడు. నాగదుర్గ చేతులు జోడించి తలుపులమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంది. తను పేరు చెప్పకపోయినా ఆ తల్లి సరైన మనిషినే ఎంచుకుందని రత్నమాణిక్యం చెవిలో చెప్పింది.

మంచం పక్కన కుర్చీలో అప్పాజీ కూర్చున్నాడు. ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది. ఒక్కసారి కూచున్నాక లేవడం ఆయన వల్ల కావడం లేదు.

ఉదయభాస్కర్ పైకప్పు వంక చూస్తూ, "నాగదుర్గా, ఆ బొండాలు మీ తమ్ముణ్ణి తాగమను. నాకు వద్దన్నారు," అన్నాడు.

"ఆయన పక్కనే ఉన్నాడు కదండి, మీరే చెప్పండి."

ఆయన పైకప్పు మీంచి చూపు తిప్పలేదు. అప్పాజీ కండువా అంచు నలుపుతూ, "బావా, ఆ రసాలు నేను తినలేదు," అన్నాడు.

ఉదయభాస్కర్ తల ఇటు తిప్పాడు.

"మీరొచ్చిన ముందు రోజే నాకు షుగరుందని చెప్పారు. మూడు బుట్టలు. వాసనకే ప్రాణం పోతోంది. ఎదురుగా ఉంటే ఆగలేను, షుగరని చెప్పుకోలేను. ఏదో ఒకటనాలి కదా అని ఆవకాయన్నాను. పాలేళ్లు ఇప్పటికీ ఆ పళ్ల గురించే చెప్పుకుంటారు."

"షుగరని చెప్తే నేనేమన్నా కొరికేసేవాణ్ణా?"

"మరి మీరు భుజం నొప్పని ఎవరికన్నా చెప్పారా?"

ఉదయభాస్కర్ దుప్పటి పైకి లాక్కుని, "ఎలా ఉంటుంది ఆ జిమ్ము?" అని అడిగాడు.

"గోడ దగ్గరికి రాదు బావా, ఎంత నడిచినా."

ఉదయభాస్కర్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీ పట్టేసింది. నర్సు వచ్చి, పేషెంటుని నవ్వించేవాళ్లు బయట కూర్చోవాలని అప్పాజీని లేపింది. లేవడానికి ఆయనకి ఇద్దరి సాయం కావలసి వచ్చింది. బయట బెంచీ మీద రత్నమాణిక్యం ఆయనకి చోటిచ్చి, పంచె కొద్దిగా పక్కకి తీసి లోపలి ట్రాక్ ప్యాంటు చూసింది. "రేపట్నించి దీని మీద పంచెందుకు? ఊరంతా తెలిసిపోయాక," అంది. అని, పంచె మళ్లీ సర్ది, "నేనూ వస్తాను. మీరు పెసరట్టు దగ్గర ఆగకుండా చూడాలి కదా," అంది.

పెసరట్టు సంగతి ఆవిడకెలా తెలిసిందో అప్పాజీకి అర్థం కాలేదు. ఆవిడ ఆయన మీసానికి అంటుకున్న ఉప్మా రవ్వ కొంగుతో తుడిచింది.

మూడో రోజు డాక్టరు ఇంటికి వెళ్లొచ్చన్నాడు. హారతి ఈసారి ఒక్కొక్క మాటా రెండుసార్లు చదువుకుని గ్రూపులో పెట్టింది: "ఉదయభాస్కర్ మావయ్యని ఇవాళ డిశ్చార్జి చేశారు. క్షేమంగా ఉన్నారు." అందరూ దణ్ణాలు పెట్టారు.

జంగారెడ్డిగూడెం నుంచి యుగంధర్ మాత్రం, "అప్పుడే మానేశాడా?" అని అడిగాడు.